చీటీ కొరికేసిన అక్క

పాసయ్యాను! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి, ఇప్పుడు జర్మనీలో పీజీ కూడా! తిరిగొచ్చాక, కుందలహళ్ళి గదిలో ఇప్పుడే రిజల్ట్ చూసుకున్నాను.

జర్మనీలో ఉన్న ఏడాదంతా తలచుకుంటే పక్కగది అక్కే గుర్తొస్తుంది. దొడ్డబళ్ళాపురం నేతవాళ్ళ అమ్మాయి. ఏ బట్ట కనిపించినా తిరగేసి చూసేది. హోటల్లో టేబుల్ గుడ్డ తిరగేసి నామీద కాఫీ ఒలకబోసింది కూడా.

వైవా రోజు నా కొత్త కోటూ తిరగేసింది.

"ధర చీటీ ఇంకా ఉండాదేమప్పా?"

"ఫెయిలైతే షాపులో వాపసిచ్చేస్తానక్కా."

పటుక్కున పళ్ళతో దారం కొరికేసింది. "ఇంక వాపసు లేదు. పాసయ్యి రాపో!"

నవ్వుకుంటూనే వైవాకి వెళ్ళాను.

అక్కకి చెప్పేశాను, ఫోన్లోనే ఈల వేసింది. ఇంకా ఫోన్ చేయాల్సింది అమ్మకి, నగర్తపేట మామకి, లెక్కల సారుకి, హాస్టల్లో కూర్చుని ఇంటర్‌తో చదువు చాలంటున్న మా చెల్లికి.