నా దగ్గు, మా బుధవారం కూటం

పదిమందిలో నోరు విప్పే మనిషిని కాదండి నేను. అలాంటిదాన్ని, ఇప్పుడు మా పేటలో నా పేరెత్తితే "ఆవిడా, బాగా ప్రార్థన చేస్తారండి" అంటున్నారు. ఎలా జరిగిందో చెబుతాను.

రొంప తగ్గింది గానీ గొంతులో గురగుర పోలేదు. ముక్కులోంచి ముందుకి రావలసింది వెనకనించి గొంతులోకి కారుతోందని కొత్తపేట డాక్టరుగారు చెప్పేరు. బిళ్లలిచ్చేరు. ఆవిరి పట్టమన్నారు, ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు, తలకింద ఎత్తు పెట్టుకుని పడుకోమన్నారు. అది చాలదన్నట్టు మా తోడికోడలు పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్పించింది. మా అత్తగారు మిరియాల కషాయం పట్టించేరు. మస్కట్ నించి మరిదిగారు పంపిన డబ్బా మందు రాసుకుంటే కళ్లమ్మట నీళ్లు కారేయి. గొంతులో కారేది మాత్రం ఆగలేదు.

ఆ గొంతుతోనే బుధవారం, తోడికోడలు కొత్తగా కట్టుకున్న ఇంట్లో ప్రార్థన కూటానికి వెళ్లేను.

మా కూటంలో ఒక పద్ధతుందండి. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వాక్యం చెప్పేక "ప్రేరేపణ కలిగినవాళ్లు ప్రార్థించండి" అంటారు. అందరం కళ్లు మూసుకుంటాం. ఇద్దరు ఒక్కసారే మొదలెట్టకుండా, చెయ్యబోయేవాళ్లు ముందు చిన్నగా దగ్గుతారు. అది వినపడితే ఇంకెవరూ నోరు తెరవరు. ఎవరో ఒకరు త్వరగా దగ్గితే బాగుణ్ణని మనసులో అనుకోవడమే ఇన్నాళ్లూ నా ప్రార్థన.

ఆవేళ కళ్లు మూసుకున్నామో లేదో, కారడం మొదలైంది. మింగేను. మళ్లీ మింగేను. పైటచెంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంక ఆగలేదు, దగ్గేను.

గదంతా నాకోసం ఆగిపోయింది. నేను కాదని చెప్పాలన్నా నోరు విప్పాలి కదా. ఇంకెవరైనా అందుకుంటారేమోనని చూస్తుంటే రెండో దగ్గొచ్చింది.

"మొహమాటపడకు సుగుణమ్మా. దేవుడు వింటాడు" అన్నారు అయ్యగారు.

దేవుడితో నాకేం ఇబ్బంది లేదండి. మిగతావాళ్లు కూడా వింటారనే.

తోడికోడలి కొత్త ఇంటి గురించి నాలుగు మంచి మాటలు చెబుదామనుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"ప్రభువా, ఈ ఇంట్లో అందరి ముక్కులూ గొంతులూ కాపాడు తండ్రీ. ఆమెన్."

మగవాళ్ల వైపునించి మా ఆయన ఆమెన్ బదులు ఇంకేదో శబ్దం చేసేరు.

లేచేముందు అయ్యగారు నన్ను చూపించి, డొంకతిరుగుడు లేకుండా కావలసింది అడిగింది, ప్రార్థనంటే అలా ఉండాలని అందరికీ చెప్పేరు. సైకిలు మీద ఇంటికొస్తుంటే మా ఆయన, "నా మోకాళ్ల గురించి కూడా ఓ మాట వెయ్యవలసింది" అన్నారు.

తరవాతి బుధవారానికి బిళ్లలో, పొగో, కషాయమో, ఏది పనిచేసిందో గానీ గొంతు హాయిగా ఉంది. నిబ్బరంగా వెళ్లి కూచున్నాను. అందరం కళ్లు మూసుకున్నాం. ఎవరూ దగ్గలేదు. ఎంతసేపటికీ దగ్గలేదు. చివరికి పక్కనున్న అయ్యగారి భార్య మోచేత్తో మెల్లిగా పొడిచేరు.

"కానియ్యి సుగుణమ్మా. అందరూ నీకోసమే చూస్తున్నారు. దగ్గు."

అన్ని మందులు మింగి బాగుచేసుకున్న గొంతుతో, దగ్గేనండి.