తపాసణీ రిజిస్టరు

రోజుకు మూడుసార్లు మనల్ని మనమే పరీక్షించుకోవాలని పాతకాలపు చైనా గురువెవరో చెప్పాడట. మా నాందేడ్ బడి హెడ్‌మాస్టర్ ఆ మాటను మరాఠీలో బోర్డు రాయించి స్టాఫ్ రూములో తగిలించాడు. పరీక్షించుకోవడం అన్నచోట "తపాసణీ" అని ఉంది. మా టీచర్లకు తపాసణీ అంటే పై ఆఫీసు వాళ్లు జీపులో వచ్చి చేసే తనిఖీ ఒక్కటే.

భోకర్ నుంచి వచ్చే లెక్కల సారు మర్నాడే గళ్లు గీసిన రిజిస్టరు తెచ్చాడు.

"తపాసణీ అన్నంక రిజిస్టర్ ఉండాలె కద మేడం. రేపు ఎవలన్న అచ్చి అడిగితే ఏం సూపెడ్తం?"

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రోజుకు మూడు గళ్లు. సోమవారం పొద్దునే అందరూ శనివారం దాకా సంతకాలు గీకేశారు. అదీ సమోసాలు తింటున్న చేతులతోనే! ఇంకా రాని రోజుల్లో తమను తాము శోధించుకున్న మహానుభావుల నూనె మరకలు గళ్ల నిండా ఉన్నాయి. థూ, ఇంత సిగ్గులేనితనమా అనుకున్నాను.

"మీదొక్కటే మిగిలింది మేడం," అంటూ సారు పెన్ను అందించాడు.

చీదరించుకుంటూనే పద్దెనిమిది సంతకాలూ పెట్టాను. ఒక్కటి కూడా గడి దాటలేదు.