శనివారం తెచ్చిన చేపల కూర

మొన్న మనవరాలు నన్ను కౌలాలంపూర్‌లో ఒక ఏసీ హోటల్‌కి తీసుకెళ్ళింది. అమోక్ అనే ఖ్మేర్ వాళ్ళ చేపల కూర ఎక్కడ బాగుంటుందో ఫోన్‌లో వెతికి మరీ పట్టుకుందట. "ఇదే బెస్ట్ ప్లేస్ లా అమ్మమ్మా, తిను లా!" అంది, ఇక్కడివాళ్ళలా మాట మాటకూ ఒక 'లా' తగిలించి. గాజు కప్పులో పసుపు నీళ్ళు, పైన ఒక ఆర్కిడ్ పువ్వు, అడుగున రెండు చేప ముక్కలు. చెంచాతో తాగాలట. తాగడమేమిటి నా మొహం! అమోక్ అంటే ఆవిరి మీద ఉడికి, జున్నులా గట్టిపడి, అరటాకు దొన్నెలో కదలకుండా కూర్చోవాలి. ఎక్కడ తినాలో నన్నడిగితే చెప్పేదాన్ని: హుటాన్ మెలింటాంగ్ టౌన్‌లో, పడవల రేవు వెనక, మా పిన్ని వంటింట్లో. ఆ ఇల్లు పోయి ఎన్నాళ్ళో అయింది.

పిన్ని ఖ్మేర్ మనిషి. బియ్యం ఓడలో పనిచేసే బాబాయి ఆమెను నాంపెన్ రేవులో చూసి, పెళ్ళి చేసుకుని, ఇంటికి ఉత్తరం ముక్కైనా రాయకుండా వెంటబెట్టుకొచ్చాడు. మా నాన్న రబ్బరు ఎస్టేటు ఆఫీసులో కిరాణీ. దొర బూట్ల చప్పుడు వినబడితే కుర్చీలోంచి లేచే గుమస్తాగిరీ అది, ఇంటికొస్తే మాత్రం వంశమూ గోత్రమూ. నాయనమ్మ అంతకు రెండింతలు. కొత్త కోడలు చేతి వంట అత్తగారు ఒక ముద్ద తింటేనే ఆ పిల్ల ఇంటి మనిషి అని మావాళ్ళ ఆనవాయితీ. ఆ ముద్ద కోసమే పిన్ని మా తెలుగు నేర్చుకుంది. నాయనమ్మ ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "నీ ఇంట్లోనే వండి తే. తింతాను. నానేటి కాదన్నానా?" అనేది.

ఎంత పెద్ద మనసో చూడండి! అవి తెల్లదొరలు ఇక్కడ పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు అందుతుందని వండిన తిండిని రోడ్డు మీద తీసుకెళ్ళనిచ్చేవారు కాదు. టౌన్ నుంచి ఎస్టేటుకు వచ్చే దారిలో పోలీసులు గిన్నెల మూతలు తీసి చూసేవాళ్ళు. పిన్ని రెండుసార్లు తెచ్చి, రెండుసార్లూ ఆ తనిఖీ దగ్గరి నుంచే వెనక్కి వెళ్ళింది. అడవిలోని వాళ్ళ సంగతేమో గానీ, ఆ తనిఖీ మా నాయనమ్మకు మాత్రం భలే కలిసొచ్చింది. నాన్న పేపరు అడ్డం పెట్టుకుని, "రూలు రూలే గదా" అనేవాడు.

నేను టౌన్ బళ్ళో చదివేదాన్ని. మధ్యాహ్నం భోజనం పిన్ని ఇంట్లోనే. నిమ్మగడ్డి, పసుపుకొమ్ము, ఎండుమిర్చి రోట్లో మెత్తగా నూరి, చిక్కటి కొబ్బరిపాలు, గుడ్డు కలిపి, చేప ముక్కలు పట్టించి దొన్నెల్లో పెట్టేది. రెండు దొన్నెలు నావే. ఇంటికెళ్ళేముందు నోరు పుక్కిలించి మరీ వెళ్ళేదాన్ని.

తర్వాత మా వైపు తనిఖీలు ఎత్తేశారు. మెర్డెకా, అదే స్వాతంత్ర్యం వచ్చిన రోజు పొద్దున్న, రేడియోలో జనం కేకలు వింటూ నాన్న టై కట్టుకుని నిలబడి ఉండగా, పిన్నీ బాబాయీ బస్సు దిగి వచ్చారు. పిన్ని కొత్త చీర కట్టుకుంది. చేతిలో వేడి తగ్గని గిన్నె. "అత్తా, సేప తెచ్చినాను. ఎవులూ ఆపనేదు," అంది నవ్వుతూ.

నాయనమ్మ లేవను కూడా లేదు. "శనోరం పూట నీసు తెచ్చినాదేటి! మా ఇంట శనోరం సేప ముట్టుకోరని నీ మొగుడు సెప్పనేదా?"

నిజమే, ఆ రోజు శనివారం. స్వాతంత్ర్యం సంబరంలో బాబాయి వారం చూసుకోలేదు. తల దించుకున్నాడు. నాన్న రేడియో గొంతు పెంచాడు.

పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పమ్మా, బాగుంటాది గదా?"

అప్పుడు నాకు పదహారేళ్ళు. నాయనమ్మ నన్నే చూస్తోంది. "ఏటో పిన్నీ, నాకు నీసు కంపు పడదు," అన్నాను. ముక్కు కూడా మూసుకున్నాను. ఇంతసేపూ నాన్ననూ నాయనమ్మనూ ఆడిపోసుకున్నానే, వాళ్ళు కనీసం ఆ కూర తినకుండా కాదన్నారు.

పిన్ని గిన్నె మీద మూత సరిచేసుకుని, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. నేనూ బడికి టిఫిన్ కట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. శనివారం తర్వాత ఆదివారం వస్తుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రేపు రమ్మని ఒక్కరమూ అనలేదు.