శ్యామలమ్మ తాగని నీళ్లు

పొద్దున ఇంటి నుంచి బయలుదేరే ముందు శ్యామలమ్మ స్టీలు గ్లాసులో సగం దాకా నీళ్లు పోసుకుని నిలబడే తాగుతుంది. తాగుతుంది అనడం కూడా ఎక్కువే. ఒక గుక్కతో గొంతు తడుపుకుంటుంది, ఇంకో గుక్క మింగుతుంది, మిగిలినవి గుమ్మం పక్క డబ్బాలో పెరిగే కరివేపాకు మొక్కకు పోసేస్తుంది. మళ్లీ సాయంత్రం ఏడు దాటి ఇల్లు చేరేదాకా గొంతులో ఏమీ పడదు. టీ కూడా. మే నెలలో కూడా.

అలాగని ఆమె దగ్గర నీళ్లు లేవని కాదు. కూర్చున్న చోట పక్కనే రెండు లీటర్ల సీసా ఉంటుంది. మూతకు చిల్లులు పొడిచి ఉంటాయి. ఆ నీళ్లు నిమ్మకాయలవి. అరగంటకోసారి నిమ్మకాయల మీద, పచ్చిమిరపకాయల మీద చిలకరిస్తుంది. అవి వాడిపోతే ఎవరూ కొనరు.

శ్యామలమ్మ దిష్టి సామాను అమ్ముతుంది. రాంగోపాల్‌పేట్‌లో ఇనుప సామాను కొట్ల వరసకు ఎదురుగా, ఫుట్‌పాత్ అని పిలవబడే మూడు పగిలిన పలకల మీద గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. దబ్బనంతో ఒక బొగ్గుముక్క, ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు దారానికి గుచ్చి దండ కడుతుంది. అమావాస్యకు బూడిద గుమ్మడికాయలు తెస్తుంది. అత్తగారి తర్వాత ఆ చోటు ఆమెకు వచ్చి ఇరవై రెండేళ్లయింది. మా వీధిలో ఏ షట్టర్ కింద నిలబడి తలెత్తినా ఆమె గుచ్చిన దండే కనిపిస్తుంది. ఇంతమందికి దిష్టి తగలకుండా చూసే మనిషికి మూత్రానికి వెళ్లే చోటు లేదు.

మగవాళ్లకు గోడ ఉంది. ఆ పని ఆపించడానికి ఎవరో గోడకు దేవుళ్ల బొమ్మలున్న పలకలు అతికించారు. మగవాళ్లు భక్తితో రెండడుగులు పక్కకు జరిగారు. శ్యామలమ్మకు ఉన్నది మోండా మార్కెట్ వెనక చెల్లెలు సుకన్య అద్దెకుండే గది. నడిచి పదిహేను నిమిషాలు. అక్కడ నాలుగు కుటుంబాలకు ఒకే బాత్రూం కాబట్టి తలుపు ముందు కాసేపు నిలబడాలి. పోయి రావడానికి నలభై నిమిషాలు. అంతసేపూ ఆమె సామాను పక్కన చెప్పులు కుట్టే యేసురాజు చూస్తాడు. రోజుకు ఒకసారి అడుగుతుంది. రెండోసారి అడగడానికి మొహమాటం.

మా నాన్న ధర్మరాజు కాగితాల కొట్టు ఆమెకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మా కొట్టుకూ బాత్రూం లేదు. నేను కొట్లో కూర్చునే రోజుల్లో నేనూ నీళ్లు తాగను. అందుకే ఆ సీసా సంగతి నాకు చాలా తొందరగా అర్థమైంది.

ఏడాదికి రెండుసార్లు ఆమెకు మూత్రంలో మంటతో చలిజ్వరం వస్తుంది. పోయిన ఏడాది కుడి మూత్రపిండంలో రాయి ఉందని తేలింది. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలని డాక్టరమ్మ చెప్పింది.

"తాగుత మేడం. తాగినంక ఏడికి పోవాల్నో గది సుత చీటీల రాసియ్యున్రి" అందట శ్యామలమ్మ. డాక్టరమ్మ నవ్వి తర్వాతి నంబరు పిలిచింది.

నిజానికి చోటు లేదనడం అబద్ధం. వీధి మలుపులో నీలం రంగు రేకుల గది ఒకటుంది. తలుపు మీద చీర కట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉంది. నాలుగేళ్ల క్రితం హరికిషన్ అనే నాయకుడు వచ్చి దాని రిబ్బను కత్తిరించాడు. ఆ రోజు పగలగొట్టిన గుమ్మడికాయ శ్యామలమ్మదే. ఆడబిడ్డల ఆత్మగౌరవం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. గదికి నీటి గొట్టం మాత్రం పెట్టలేదు. మూడు వారాలకు ఎవరో తాళం వేశారు. ఎవరిని అడిగినా తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉందనే చెప్పారు.

తర్వాత హరికిషన్ కండువా రంగు మార్చుకున్నాడు. ఈ ఎండాకాలం ఎన్నికల్లో కొత్త కండువాతో నిలబడ్డాడు.

ప్రచారం మొదలయ్యాక మా వీధిలో మాట్లాడని విషయమంటూ మిగల్లేదని అనిపించేది. ఎవరు ఎవరిని తిట్టారు, ఎవరి తాత ఎక్కడ పుట్టాడు, ఏ దేవుడికి ఎవరు నిజమైన భక్తులు, నగరాన్ని ఏ విదేశీ నగరంలా మారుస్తారు. మైకులు కట్టిన ఆటోలు ఇదంతా పాటలుగా పాడుకుంటూ తిరిగేవి. హరికిషన్ పంచిన నలభై పేజీల పుస్తకం మా కొట్టుకూ వచ్చింది. పుస్తకం దొరికితే వదలని అలవాటు కొద్దీ మొత్తం చదివాను. ఆత్మగౌరవం పదకొండు చోట్ల ఉంది. ఆకాశమార్గాలు ఆరు, విగ్రహాలు రెండు. మూత్రశాల ఒక్కటీ లేదు. మిగతా ఇద్దరి పుస్తకాలు కూడా తెప్పించుకుని చూశాను. ఈ ఒక్క విషయంలో ముగ్గురికీ అభిప్రాయభేదం లేదు.

హరికిషన్ ప్రచారం చూసేవాడు దుర్గేష్. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు. రోజూ పొద్దున్నే బండ్ల టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయల కోసం శ్యామలమ్మ దగ్గరికి వచ్చేవాడు. ఒకరోజు ఆమె అడిగింది.

"ఏమయ్యా, మీటింగుల మలుపుకాడి గా రేకుల డబ్బ ముచ్చట జెర చెప్పరాదు? తాళం తీస్తమని ఒక్క మాట."

దుర్గేష్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, స్టేజి మీద బాత్రూంల ముచ్చట ఏం బాగుంటది? అన్నకు ఇమేజ్ ఉంటది కదా."

"మీ అన్న పోడా బాత్రూంకు?"

"ఏందక్కా గిట్ల మాట్లాడ్తవ్!" అన్నాడు దుర్గేష్, నిజంగానే నొచ్చుకుని.

ఆ వారమే యేసురాజు కూడా ప్రచారంలో చేరాడు. చెప్పులు కుడితే వచ్చేదానికంటే జెండా పట్టుకుని నడిస్తే ఎక్కువ వస్తుందన్నాడు. అన్నం పొట్లం కూడా. తప్పు పట్టేదేమీ లేదు. కానీ శ్యామలమ్మ సామాను చూసే మనిషి పోయాడు. ఆమె రోజుకు ఒక్కసారి పోవడం కూడా ఆగింది. పొద్దున సగం గ్లాసు పావు గ్లాసయింది. నాలుగో రోజుకు జ్వరం పట్టుకుంది.

ఐదో రోజు మాత్రలు మింగి వచ్చింది. మాత్రలకు నీళ్లు తాగక తప్పదు, రెండు గ్లాసులు తాగింది. పదిన్నరకల్లా గోనెసంచి మీద అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. నేను కొట్లోంచి చూస్తున్నాను. లేచి వెళ్లి "మీ సామాను నేను చూస్తాను" అనాలి. నాలుగు మాటలు. పరిచయం అంతగా లేని మనిషితో ముందుగా మాట్లాడటం నాకు ఎప్పుడూ చేతకాదు. వాక్యాన్ని మనసులో సరిచేసుకుంటూ కూర్చున్నాను. సరిచేసుకునే లోపలే డప్పులు వినిపించాయి.

హరికిషన్ పదకొండు కార్లతో దిగాడు. మొన్న దోసెలు పోశాడు, నిన్న ఎవరి ప్యాంటో ఇస్త్రీ చేశాడు, ఇవాళ దిష్టి దండ గుచ్చుతాడని దుర్గేష్ ముందే కెమెరావాళ్లకు చెప్పి ఉంచాడు. హరికిషన్ గోనెసంచి అంచున చతికిలబడి దబ్బనం అందుకున్నాడు.

"అక్కా, నేను నీ తమ్ముణ్ని. ఏం తక్లీఫ్ ఉన్నా నాకు చెప్పు."

శ్యామలమ్మ మలుపు వైపు చెయ్యి చూపింది. "గా డబ్బ తాళం తీపియ్యి సారూ. ఆడోళ్లం సస్తున్నం."

అతను అటు చూశాడు. నీలం తలుపు మీద అతని ముఖమే నాలుగు పోస్టర్లలో నవ్వుతోంది. అతను కెమెరా వైపు తిరిగాడు.

"అది పెద్ద పాలసీ మ్యాటర్ అక్కా. గెలిచినంక కూర్చొని మాట్లాడదాం. ఇయ్యాల మాత్రం నువ్వు రెస్ట్ తీస్కో. నీ దుకాణం నేను చూస్కుంటా."

"నిజంగనా?"

"మాటంటే మాట, అక్కా."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని చేతులెత్తి దండం పెడుతుందని అందరూ ఎదురు చూశారు. శ్యామలమ్మ లేచి, కొంగు నడుముకు దోపుకుని, జనాన్ని తోసుకుంటూ మోండా మార్కెట్ వైపు దాదాపు పరుగెత్తింది.

"అక్కా! ఏడికి? ఫ్రేమ్‌లకు రా అక్కా!" దుర్గేష్ అరిచాడు. ఆమె వెనక్కి చూడలేదు.

హరికిషన్ ఆరు నిమిషాలు దుకాణం చూసుకున్నాడు. మా గోడ గడియారం ప్రకారం చెబుతున్నాను. మొదటి నిమ్మకాయ బాగానే గుచ్చాడు. రెండోదానికి దబ్బనం బొటనవేలిలో దిగింది. "అన్నకు రక్తం! అన్నకు రక్తం!" అని కార్యకర్తలు గోల పెట్టారు. ఒకడు నినాదం కూడా అందుకున్నాడు. ఈలోగా ఇనుప కొట్టు గుమాస్తా వచ్చి మామూలుగా ఒక దండ ఇమ్మన్నాడు. భావి ప్రజాప్రతినిధి ముడి వేయలేకపోయాడు. వేలికి జేబురుమాలు చుట్టుకుని లేచాడు.

రక్తం కారడం అపశకునమని ఎవరో అన్నారు. అంతే, నిమ్మకాయలన్నీ గోనెసంచి మీదినుంచి పోగుచేసి పదకొండు కార్ల టైర్ల కింద పెట్టారు. సరిపోగా మిగిలినవి మైకు ఆటోకు. "అక్క అన్నకు ప్రేమతో ఇచ్చింది" అన్నాడు దుర్గేష్ కెమెరాతో. కార్లు కదిలాయి. నిమ్మకాయలు చిట్లాయి. దుకాణం దగ్గర ఒక్కడూ ఆగలేదు. యేసురాజు జెండాతో సహా వాళ్ల వెనకే పోయాడు, తల వంచుకుని.

"మనకెందుకులే, తలుపు దగ్గరికి వెయ్యి, దుమ్మొస్తోంది" అన్నాడు నాన్న. వేశాను.

నలభై నిమిషాల తర్వాత శ్యామలమ్మ తిరిగి వచ్చింది. దిష్టి తీసిన నిమ్మకాయ తొక్కకూడదన్నది ఆమె వ్యాపారంలో మొదటి నియమం. ఊరందరికీ చెప్పే మాట. రోడ్డు నిండా అవే. ఒక్కొక్కదాన్నీ తప్పించుకుంటూ, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, వంకర టింకరగా నడిచి తన చోటుకు చేరింది. మిరపకాయలు, బొగ్గు మిగిలాయి.

అప్పుడు వెళ్లాను. సిగ్గుపడటానికి కూడా సిగ్గేసి వెళ్లాను. నేను నోరు తెరిచే లోపే ఆమే అంది.

"పోతే పోయినయి బిడ్డా. సుకన్య ఇంట్ల రెండు చెంబుల నీళ్లు తాగొచ్చిన. నిమ్మలంగున్నది." గోనెసంచి సర్దుకుంటూ, "మూడింటికి మళ్ల ఎట్లనో ఏమో" అంది.

మూడింటికి సామాను దగ్గర నేను కూర్చున్నాను. మిగిలిన మిరపకాయలు దారానికి గుచ్చడం నాకూ రాలేదు, కానీ లేచి పోలేదు.

మర్నాటికల్లా ఆ వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. అందులో శ్యామలమ్మ పరుగెత్తే ముక్క కూడా పెట్టారు. కింద ఇలా రాశారు: అన్న మాటకు సంతోషం పట్టలేక పరుగులు తీసిన అక్క.

ప్రచారం ఆఖరి రోజు, ఎన్నికల గిరాకీకి గుమ్మడికాయలు తెచ్చి శ్యామలమ్మ అప్పుడే సామాను పరుస్తుంటే, పొద్దున ఆరున్నరకే దుర్గేష్ వచ్చాడు. ఆ రోజు జరిగింది నాకు ఆమే చెప్పింది, మిరపకాయలు ఏరుతూ. ఏడూ పదికి అన్న ముహూర్తం, గుమ్మడికాయ కొట్టనిదే బండి కదలదు. అంత పొద్దున ఇంకెవరి దగ్గరా దొరకదు.

"అమ్మను" అంది శ్యామలమ్మ.

"అన్న మీద అలిగినవా అక్కా?"

"అలుగుడేంది. తాళం తీయ్, గుమ్మడికాయ తీస్కపో."

దుర్గేష్ గడియారం చూసుకున్నాడు. రెండు ఫోన్లూ చూసుకున్నాడు. చివరికి కారులోంచి ఇనుప రాడ్డు తెప్పించి, తన నాయకుడి ముఖాల మధ్య వేలాడుతున్న తాళం పగలగొట్టాడు.

గది కిందనుంచి పైదాకా పాత ఫ్లెక్సీలు. చుట్టలు చుట్టలుగా, ఎలుకలు కొరికినవి. ఒక చుట్ట విప్పుకుని బయటికి జారింది. అందులో హరికిషన్ నవ్వుతున్నాడు, పాత కండువాతో, ఇప్పుడు రోజూ మైకులో తిడుతున్న నాయకుడి పక్కన చేతులు కట్టుకుని. వాటి వెనక, పింగాణీ బేసిన్ ఉండాల్సిన చోట ఖాళీ గుంత. బేసిన్ ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు.

దుర్గేష్ ముఖం పాలిపోయింది. ఫ్లెక్సీని కాలితో లోపలికి తోసి, తలుపు నొక్కి పట్టుకుని, ఇనుప కొట్టువాణ్ని నిద్రలేపి కొత్త తాళం తెప్పించాడు. పాతదానికంటే రెట్టింపుది.

"ఎవ్వరికి చెప్పకక్కా" అన్నాడు. "నీ కాల్మొక్త."

శ్యామలమ్మ గుమ్మడికాయ తీసి అతని చేతిలో పెట్టింది. "తాళం తీస్తే ఇస్తనన్న. తీసినవు. తీస్కపో."

వాళ్ల మధ్య మాట నిలబెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

పోలింగ్ ఒక బడిలో జరిగింది. ఎన్నికల నిబంధనల ప్రకారం అక్కడ ఆడవాళ్లకు బాత్రూం, బాణం గుర్తు, బక్కెట్ నిండా నీళ్లు ఉన్నాయి. ఓటు వేశారా అని అడిగాను.

"ముందుగాల బాత్రూంకు పోయిన. తర్వాత లైన్ల నిలబడ్డ. ఓటేసి మళ్లొకసారి పోయిన" అంది. "రోజు ఓట్లు పెడితే మంచిగుండు."

హరికిషన్ గెలిచాడు. ఓడిపోయినా ఆ తలుపుకు తేడా ఏమీ ఉండేది కాదు. కొత్త తాళం ఇంకా మెరుస్తూనే ఉంది. యేసురాజు తిరిగి వచ్చి తన చోట కూర్చున్నాడు, కానీ శ్యామలమ్మ అతన్ని ఏమీ అడగడం లేదు. జూన్‌లో మళ్లీ జ్వరం వచ్చి వారం పడుకుంది. ఆ తర్వాత వేళలు మార్చుకుంది. ఇప్పుడు పొద్దున ఆరున్నరకు వచ్చి పదిన్నరకు గోనెసంచి మడిచి బస్సెక్కుతుంది. డాక్టరమ్మ చెప్పిన మూడు లీటర్ల నీళ్లూ ఇంటికి పోయాక, మధ్యాహ్నం నుంచి తాగుతుంది.