అప్పటినుంచా, కాబట్టా

కొత్త జిల్లా ఏర్పడిన ఏడాది వేసవిలో నన్ను ధర్మవరం నుంచి పెనుకొండకు, అక్కడి సివిల్ కోర్టులో స్టెనోగా బదిలీ చేశారు. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగు. నా భార్య చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ధర్మవరంలో ఇంటికి తాళం వేసి, పెనుకొండ బస్టాండు దగ్గర ఒక గది తీసుకున్నాను. పగలంతా జనం మాటలు టైపు చేసేవాణ్ణి. సాయంత్రం గదికి వచ్చాక పలకరించేవాళ్లెవరూ ఉండేవారు కాదు.

స్టెనో పని ఏమిటో బయటివాళ్లకు అంతగా తెలియదు. సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు దాన్ని అప్పటికప్పుడే ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే స్టెనో టైపు చేస్తాడు. వాంగ్మూలం పూర్తయ్యాక దాన్ని మళ్లీ తెలుగులో చదివి వినిపించాలి. సాక్షి సరేనన్నాకే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఈ రాకపోకల్లో దెబ్బతినేవి పెద్దపెద్ద చట్టం మాటలు కావు, చిన్న మాటలు. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘సిన్స్’ అనే ఇంగ్లీషు మాట. ‘ఫలానా రోజు అప్పటినుంచి’ అనడానికి అదే. ‘ఫలానా కారణం వల్ల’ అనడానికీ అదే. దావా కాగితాల్లో ఒకరి పేరు పక్కన ‘సిన్స్ డిసీజ్డ్’ అని ఉంటే, దావా వేశాక ఆ మనిషి చనిపోయాడని అర్థం.

ఆ వేసవి చివర్లో లక్ష్మీదేవమ్మ కేసు విచారణకు వచ్చింది. ఆమెది గోరంట్ల దగ్గర పల్లె. పిల్లలు లేరు. భర్త బెంగళూరుకు కట్టడం పనికని బస్సెక్కి పోయి తిరిగి రాలేదు. కొన్నాళ్లు ఫోను మోగింది, తర్వాత అదీ ఆగిపోయింది. పోలీసులు వెతికినా ఆచూకీ దొరకలేదు. ఒక మనిషి గురించి తెలియవలసినవాళ్లకు ఏడేళ్లపాటు ఏ కబురూ తెలియకపోతే అతను చనిపోయినట్టు కోర్టు భావించవచ్చని చట్టం. ఆమె విషయంలో ఆ గడువు దాటి చాలా కాలమైంది. భూమి భర్త పేరున ఉంది. బోరుకు కరెంటు కనెక్షను కావాలన్నా ఆయన సంతకమే అడుగుతున్నారు. దావా వేయక ఆమెకు తప్పలేదు.

ఆమె బోనులో నిలబడి రెండు చేతులతో కొయ్య పట్టుకుని నిదానంగా చెప్పింది. జడ్జిగారు కోస్తా నుంచి వచ్చిన చిన్న వయసు ఆవిడ, ఓపికగా విన్నారు. చివరి వాక్యాన్ని ‘సిన్స్’తో మొదలుపెట్టి చెప్పారు, నేను టైపు చేశాను. పొద్దుటి నుంచీ ఆమె వకీలు చావు గురించే వాదిస్తూ వచ్చాడు. తిరిగి చదివేటప్పుడు నాకు ‘సిన్స్’ అంటే కారణమనే తోచింది. “నా భర్త పోయినాడు కాబట్టి నేను ఒక్కదాన్నే ఉంటున్నాను” అని చదివాను.

“కాబట్టి అని నేను యాడంటి సార్?” అంది లక్ష్మీదేవమ్మ. “ఆయప్ప పోయినప్పటినుంచి అంటి.”

వకీలు దగ్గరికి వచ్చి, “రెండూ ఒకటేలేమ్మా, వేలిముద్ర వెయ్యి” అన్నాడు.

“ఒకటి యాడైతాది? కాబట్టి అంటే అయిపోయినట్ల. అప్పటినుంచి అంటే ఇంకా అయిపోలేదని. ఆయప్ప పోయిండాడు, అంతే. సచ్చినాడని నా నోటితో అనిపించొద్దండి.”

వకీలు కంగారుపడ్డాడు. భర్త బతికే ఉన్నాడని భార్యే అంటే దావా నిలవదు. కనెక్షను సంగతి ఏమిటని గొంతు తగ్గించి అడిగాడు. “రాకపోతే పోనీ” అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

జడ్జిగారు ఆమెనే అడిగారు. ఆయన బతికున్నట్టు ఎవరైనా చెప్పారా?

“లేదు తల్లీ. సచ్చినాడని కూడా ఎవురూ చెప్పలేదు. పోయిన దినం నుంచి ఏ కబురూ లేదు. నాకు తెలిసింది అంతే, అదే చెప్తాండా.”

జడ్జిగారు నావైపు తిరిగి ఆ వాక్యం తీసేయమన్నారు. పోయిన రోజు నుంచి ఏ సమాచారమూ లేదని, ఆనాటి నుంచి తాను ఒంటరిగా ఉంటున్నానని కొత్తగా చెప్పారు. చట్టానికి కావలసిందీ అంతే. ఈసారి చదివి వినిపించాక లక్ష్మీదేవమ్మ వేలిముద్ర వేసింది.

మధ్యాహ్నం విరామంలో ఆమె వరండాలో గోరంట్ల బస్సు కోసం కూర్చుని ఉంది. నేను నా క్యారియర్ తెచ్చుకుని ఆ చివర కూర్చున్నాను. ఒక్కణ్ణే తినడం చూసి, “మీ ఇంటామె ఈడ లేదా సార్?” అని అడిగింది.

“పోయిందమ్మా” అన్నాను.

“యాడికి?”

వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చి, “చనిపోయింది” అన్నాను. అంతవరకు ఎవరడిగినా ‘లేదు’ అనో ‘పోయింది’ అనో చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆ మాట నా నోటి నుంచి అలా పూర్తిగా రావడం అదే మొదలు.

“మీకు తెలిసన్నా ఉండాది సార్” అంది ఆమె. బస్సు రాగానే సంచి తీసుకుని వెళ్లిపోయింది.

తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. నకలు తీసుకోవడానికి వచ్చినప్పుడు, ఆయన చచ్చిపోయాడని అందులో రాశారా అని నన్ను అడిగింది. చనిపోయినట్టు కోర్టు భావిస్తోందని మాత్రమే ఉందని, ఆమె ఆ మాట అన్నట్టు ఎక్కడా లేదని చెప్పాను. “కోర్టు అనుకోనీలే” అని నకలు మడిచి కొంగున కట్టుకుంది.

ఆ తర్వాత సర్వీసు ఉన్నంతకాలం, జడ్జిగారు ఎవరైనా సరే, ‘సిన్స్’ అన్నప్పుడు టైపు ఆపి, కాలమా కారణమా అని అడిగేవాణ్ణి. కారణమైతే ‘బికాజ్’ అని కొట్టేవాణ్ణి. కొందరు విసుక్కున్నారు. ఒక మనిషి పోవడం మిగిలినవాళ్లకు అయిపోయిన సంగతా, ఇంకా అయిపోనిదా అన్నది వాళ్లు చెప్పవలసిన మాట. దాన్ని తేల్చే అధికారం కోర్టుకు ఉండవచ్చు, స్టెనోకు లేదు.