కాల్చానని చెప్పిన పుస్తకం

గత మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు సైదాబాద్‌లోని మా ఇంటికి కొరియర్‌లో ఒక ఆహ్వాన పత్రిక వచ్చింది. ఎమర్జెన్సీని ఎదిరించిన నాటి విద్యార్థులకు సన్మానమట. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, లోపల రెండు అచ్చుతప్పులు. నా పేరు కింద ఇలా వేశారు: "పోలీసులు గుమ్మంలో ఉండగానే ఉద్యమ రహస్యాల పుస్తకాన్ని తగలబెట్టి సహచరులను కాపాడిన వీరవనిత." ముప్పైనాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేసిన చెయ్యి ఊరుకోదు కనుక అచ్చుతప్పులు రెండూ ఎర్రసిరాతో దిద్దాను. ఈ వాక్యం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. నిజం కూడా లేదు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ల నాలుగు నెలలు. పాతబస్తీలో ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా విద్యార్థి కమిటీలో మొత్తం పదకొండు మందిమి. వేరే కాలేజీల మగపిల్లలు తొమ్మిది మంది, ఆడపిల్లలం ఇద్దరం, నేనూ నా దోస్తూ. దోస్తు వాళ్లది చార్మినార్ దగ్గర లక్క గాజుల దుకాణం. కింద దుకాణం, వెనక బొగ్గుల పొయ్యి, పైన ఒక గది. మీటింగులు ఆ గదిలోనే. ఆడపిల్ల గాజుల దుకాణంలోకి వెళ్తే ఎందుకని అడిగేవాడు హైదరాబాదులో ఉండడు. మగపిల్లలు చేతిలో సంచీ పట్టుకుని, చెల్లెలి బేరం ఎప్పుడు తెగుతుందా అని విసుగెత్తిన అన్నల్లా మెట్ల దగ్గర నిలబడి, ఒక్కొక్కరే పైకి వచ్చేవారు. కరిగే లక్క వాసన, కింది నుంచి పైకి కొట్టే వేడి, బేరాల గోల, వాటి మధ్య మేము దేశాన్ని బాగుచేసేవాళ్లం. మొదట మా గొడవంతా బస్ పాసులు, హాస్టల్ అన్నం గురించే. గుజరాత్‌లో, బీహార్‌లో విద్యార్థులు ప్రభుత్వాలను కదిలిస్తున్నారని పేపర్లలో చదివాక, మా మాటల్లోకి ఢిల్లీ వచ్చి కూర్చుంది. హాస్టల్ పప్పుచారు గురించి మొదలైన మీటింగు ప్రధానమంత్రి రాజీనామాతో ముగిసేది.

నా పని మినిట్స్ పుస్తకం రాయడం. తారీఖు, వారం, మొదలైన వేళ, ముగిసిన వేళ, వచ్చినవాళ్ల పేర్లు, కాలేజీ, రోల్ నంబరు, ఎవరు ఎంతసేపు మాట్లాడారు, అన్నీ రాసేదాన్ని. చర్చ నీలిసిరా, తీర్మానం ఎర్రసిరా. రాసేవాళ్లు హాజరు జాబితాలో తమ పేరు వేసుకోకూడదని మా కాలేజీ పద్ధతి. చివర "కార్యదర్శి" అని మాత్రం రాసి గీత కొట్టేదాన్ని. మా నాయకుడు లా చదివే అన్న. మంచి గొంతు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒకరోజు పుస్తకం తీసి అందరికీ వినబడేలా చదివాడు. "'ఇరవై రెండు నిమిషములు మాట్లాడిరి. విషయము తెలియలేదు.' ఇదేంది చెల్లె, గిట్ల రాస్తరా ఎవరన్న?"

"విషయం చెప్తే రాస్తుంటి గదన్నా," అన్నాను.

నా దోస్తు గాజుకు నగీనా రాళ్లు అతికిస్తూ తలెత్తకుండానే, "హౌ అన్నా, నువ్వు మాట్లాడుడు షురూ చేస్తే నాకు డజన్ గాజులు తయారైతున్నయ్. రోజు మాట్లాడు," అంది.

ఎమర్జెన్సీ వచ్చిన మూడో రోజు అన్న నన్ను మెట్ల మీదే ఆపి, "పుస్తకం కాలవెట్టు చెల్లె. ఇయ్యాలనే," అన్నాడు. సరేనన్నాను. ఇంటికి వచ్చి కిరసనాయిలు స్టవ్ ముందు కూర్చున్నాను. అరవైనాలుగు పేజీలు, ఎక్కడా కొట్టివేత లేదు. పేర్లున్న పేజీలు మాత్రం కాల్చుదామని చూస్తే, పేర్లు లేని పేజీ లేదు. కొన్ని చింపితే పేజీ నంబర్ల వరుస తప్పుతుంది. నవ్వొస్తుంది కానీ, ఆ సాయంత్రం నన్ను ఆపినవి ఆ నంబర్లే. కాలేజీ పుస్తకాలకు వేసినట్టే దానికీ గోధుమరంగు అట్ట వేసి వాటి మధ్య పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. లేబుల్ లేని పుస్తకం నా అలమరలో ఎన్నడూ లేదు. కనుక తెల్లకాగితం కత్తిరించి, అతికించి, గుండ్రటి అక్షరాలతో "కమిటీ మినిట్స్" అని రాశాను. మర్నాడు అందరికీ కాల్చేశానని చెప్పాను.

ఆరు రోజుల తరువాత, శుక్రవారం మధ్యాహ్నం రెండూ నలభైకి పోలీసులు మా ఇంటికి వచ్చారు. ఇన్‌స్పెక్టర్ అలమర ముందు నిలబడి లేబుళ్లు వరుసగా చదివాడు. భౌతికశాస్త్రం, బీజగణితం, కమిటీ మినిట్స్. ఆయనకు వెతికే శ్రమ కూడా లేకపోయింది. నాలుగు పేజీలు తిరగేసి, "ఎవరమ్మా రాసింది? మా ఠాణాల ఒక్కనికి రాదు ఇంత సాఫ్," అన్నాడు. మా నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. పెళ్లి కావలసిన పిల్ల అన్నాడు. జాబితాలో నా పేరు లేదు. "మాకు పుస్తకం చాలు పంతులూ," అని ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాడు. నాన్న తలుపు వేసి, ఈ సంగతి ఎవరితోనూ అనవద్దన్నాడు. తరువాత బతికినన్నాళ్లూ ఆయన కూడా నాతో ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు, శనివారం, రాత్రయ్యేలోగా తొమ్మిది మంది మగపిల్లలనూ పట్టుకుపోయారు. అందరికన్నా ముందు, పొద్దున్నే గాజుల దుకాణంలో జొరబడి నా దోస్తును తీసుకెళ్లారు. వాళ్ల భాయ్, ఆమెకన్నా ఆరేళ్లు పెద్దవాడు, పరుగెత్తి ఠాణాకు వెళ్లి ఎవరెవరినో బతిమాలితే సాయంత్రానికి ఆమెను వదిలేశారు. మగపిల్లలకు టైపు చేసిన జాబితా చూపించారే తప్ప పుస్తకం చూపించలేదు. పుస్తకం ఎలాగూ కాలిపోయిందని అందరికీ తెలుసు. మరి పేర్లు ఎవరు చెప్పినట్టు? నన్ను పట్టుకోకపోయినా, పుస్తకం కాల్చినదాన్ని కనుక నా మీద అనుమానం రాలేదు. లోపలికి వెళ్లి అదేరోజు బయటికి వచ్చింది ఒక్కతే. లెక్క సరిపోయింది. కాలేజీలో ఆడపిల్లలు ఆమె బెంచీ మీంచి లేచి వెనక్కి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరోజు ఆమె ల్యాబ్‌లో నా పక్కకు వచ్చి, "నువ్వన్న నమ్ముతవానే నన్ను?" అని అడిగింది. నేను రికార్డు పుస్తకంలో గీత గీస్తూ, "నాకేం తెల్వది," అన్నాను. ఆ గీత వంకర పోలేదు. మరుసటి వారం నుంచి ఆమె కాలేజీకి రాలేదు.

ఎన్నికలు వచ్చాయి, ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయింది. జైలుకు వెళ్లిన పిల్లలు పూలదండలతో బయటికి వచ్చారు. మా అన్న మొదట అసెంబ్లీకి, తరువాత పార్లమెంటుకు వెళ్లాడు, ఒకసారి మంత్రి కూడా అయ్యాడు. ప్రతి ఉపన్యాసంలోనూ పేర్లు చెప్పిన ద్రోహి ఒకరు, పుస్తకం కాల్చిన చెల్లె ఒకతె ఉండేవారు. గుమ్మంలో పోలీసులు ఆ కథలోకి తరువాత ఎప్పుడో వచ్చి చేరారు. ద్రోహి పేరు ఎత్తేవాడు కాదు. ఎత్తనవసరం లేదు కూడా.

ఆహ్వానం వచ్చిన రోజే ఆయనకు ఫోన్ చేశాను. "అన్నా, పుస్తకం నేను కాలవెట్టలే. పోలీసోళ్లు మా ఇంట్లనే దొరకవట్టిండ్రు."

అవతల తలుపు వేసిన చప్పుడైంది. "పక్కన ఎవరన్న ఉన్నరా చెల్లె?"

"లేరు."

"పార్లమెంటుల రెండుసార్లు చెప్పిన ఆ కథ. ఇప్పటి పిల్లలకు చెప్తున్న, గిట్ల కొట్లాడాలె అని. దాన్ని కదిలియ్యకు. జైలుకు పోకుంటే నేను ఢిల్లీకి పోతుంటినా? నాకేం కోపం లేదు. వచ్చి శాలువ కప్పుకో, ఫోటో దిగు."

"నా దోస్తు సంగతేందన్నా?"

"ఎవరు? ఆఁ, గాజులామెనా. ఉన్నదా ఇంకా?"

ఉంది. దబీర్‌పురా రైలు స్టేషనుకు దగ్గరలో కొడుకు దగ్గర ఉంటుంది. ఇన్నేళ్లలో ఆమెను బజారులో నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ నేనే పక్క గల్లీలోకి తిరిగాను. గురువారం నాలుగు గంటలకు ఆటో దిగి వాళ్ల తలుపు తట్టాను. మోకాళ్లు పట్టుకుంటూ ఆమే వచ్చింది. నన్ను పోల్చుకోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. "ఏందే, తొవ్వ తప్పినవా?" అని నవ్వి, కోడలికి చాయ్ పెట్టమని కేకవేసింది.

కూర్చోకముందే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "పుస్తకం ఏ దినం తీస్కపోయిండ్రు?" అని అడిగింది. శుక్రవారం, రెండూ నలభై అన్నాను.

"పక్కానా?"

"పక్కా."

"భాయ్ ఠాణాకు వచ్చింది శనివారం," అంది నెమ్మదిగా. "నన్ను ఇడిపిచ్చుకునేతందుకు భాయే మీ పేర్లు చెప్పిండనుకున్న. కురాన్ మీద ఒట్టేస్తనన్నడు. నక్కో, నాతోని మాట్లాడకు అన్న. రెండు గల్లీల అవతల్నే ఉండెటోడు. ప్రతి ఈద్‌కు గిన్నెల షీర్ ఖుర్మా పంపిస్తుండె. మూత గూడ తియ్యకుంట వాపస్ పంపుతుంటి."

భాయ్ పోయి పద్దెనిమిదేళ్లయిందని చెప్పింది. ఎన్ని ఈద్‌లు అలా పోయాయో నా తలలో లెక్క దానంతటదే జరిగిపోయింది. అది నోటి దాకా రాకుండా పెదవులు బిగబట్టాను.

"సభల అందరి ముందట నిజం చెప్త," అన్నాను.

"చెప్పు. చెప్పకుంటే ఊకో. ఆళ్లు నన్నేమనుకున్నా నాకు ఫికర్ లేదు." కోడలు తెచ్చిన కప్పు నా చేతికి ఇస్తూ అంది. "మా భాయ్‌కు ఎవరు చెప్తరే? చాయ్ తాగి పో. మల్ల రాకు."

తాగాను. కప్పు ఖాళీ అయ్యేదాకా ఆమె నా ఎదురుగానే కూర్చుంది, కిటికీ బయటికి చూస్తూ. ఎప్పుడో ఒకప్పుడు చెప్పవచ్చులే అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. ఆ ఎప్పుడో ఒకప్పుడు అనేదానికీ ఒక ఆఖరి రోజు ఉంటుందనీ, అది పద్దెనిమిదేళ్ల కిందటే, నేను పక్క గల్లీలో నడుస్తుండగానే వెళ్లిపోయిందనీ నాకు తెలియలేదు.