సుశీలక్క అడిగే ప్రశ్న

ఈ ఉదయం మెట్లు దిగుతుంటే, మా అపార్ట్‌మెంటుకు రంగులు వేసేవాళ్లు కిరోసిన్‌లో కుంచెలు కడుగుతున్నారు. ఆ వాసనకు కాసేపు అక్కడే నిలబడిపోయాను. బాన్సువాడ బస్టాండు వెనుక రేకుల షెడ్డులో, సీసపు అక్షరాలను కిరోసిన్‌తో తుడుస్తూ గడిపిన రోజులు కళ్లముందు కదిలాయి. ఆ ప్రెస్సు సుశీలక్కది. భర్త పోయాక దాన్ని అమ్మెయ్యమని బంధువులంతా చెప్పినా వినకుండా, తానే ప్రూఫులు దిద్దుతూ నడిపింది. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగలలేదు.

లెక్కల్లో బి.ఎస్సీ. చదివిన నేను అక్కడ అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటర్‌గా చేరేసరికి, అంతకుముందే మూడు పనులు మానేసి ఉన్నాను. ఎరువుల దుకాణం, ప్రైవేటు బడి, పిట్లంలో ట్యూషన్లు. ఏ పనైనా చేతికి పట్టుబడేదాకా ఉత్సాహంగా ఉండేది. తర్వాత కూర్చున్నచోట కూర్చోలేకపోయేవాడిని. నిలకడ లేని మనిషినని మా నాన్న నలుగురిలోనూ అనేవాడు. ఇల్లు నా భార్య పద్మ బీడీలు చుట్టి నెట్టుకొచ్చేది.

ప్రెస్సులో ఆరో ఏడు ఒక పెద్ద తప్పు చేశాను. పెళ్లిపత్రిక ప్రూఫు అక్క దిద్ది ఇచ్చాక, పేర్చిన అక్షరాలను మెషీను దగ్గరికి తీసుకెళ్తుంటే ఒక వరుస జారి కింద పడింది. మళ్లీ పేర్చాను గాని ఆమెకు చూపించలేదు. ఆ పూట నా మనసు పేపర్లో చూసిన ఒక ప్రకటన మీద ఉంది. పదిహేడో తేదీ పెళ్లి పద్నాలుగుగా అచ్చయింది. ఆ సంగతి తెలిసేసరికి పత్రికలు ఊళ్లకు వెళ్లిపోయాయి.

అక్క కోప్పడలేదు. మర్నాడు పొద్దున్నే ప్రెస్సుకు తాళం వేసింది. "నడువు నర్సింలు. తప్పు మన చేతిల జరిగింది. ఇల్లిల్లు తిరిగి మనమే చెప్పాలె" అంది. రెండు రోజులు పిట్లం చుట్టుపక్కల బస్సుల్లోనూ, ఎడ్లబండ్ల మీదా తిరిగాం. ప్రతి గడపలోనూ నా చేతే చెప్పించింది. జుక్కల్ దగ్గర ఆఖరి ఇంట్లో ఒక అవ్వ అంతా విని నవ్వింది. "మాకు చదువొస్తదా బిడ్డా? పత్రిక ఇచ్చినోడు పదిహేడు అని నోటితోనే చెప్పి పోయిండు" అంది. రెండు రోజుల్లో మొదటిసారి అక్క కూడా నవ్వింది.

తిరిగొచ్చే బస్సులో అడిగింది. "ఆ పొద్దు నీ మనసు ఏడున్నది?"

చెప్పాను. పేపర్లోని ఆ ప్రకటన గురించే. హైదరాబాదులో డిగ్రీ మీద మూడేళ్ల కంప్యూటర్ చదువు, ఎం.సి.ఏ., కొత్తగా పెట్టారు. లెక్కలు చదివినవాళ్లు పరీక్ష రాయొచ్చు. నాకు ముప్పై దాటింది, ఇద్దరు ఆడపిల్లలు, పైగా కంప్యూటర్ ఎలా ఉంటుందో కూడా తెలియదు. "నాకు నిలకడ లేదక్కా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "నిలకడ లేకపోతే ఆరేండ్లు గీ అక్షరాలు ఎట్ల ఏరినవ్? నీకు సరిపోయే పని ఇంకా దొరకలే, గంతే. పోయి పరీక్ష రాయి."

రాశాను, సీటు వచ్చింది. ఇంట్లో చెప్పిన రోజు నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. పద్మ చాటలో బీడీ ఆకు సర్దుకుంటూనే, "మూడేండ్లు ఇల్లు నేను చూస్కుంట. నడుమల మాత్రం ఇడిసిపెట్టకు" అంది.

నేను సరిగ్గా ఆ పనే చేయబోయాను. క్లాసులో అందరూ ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లవాళ్లు, నన్ను అంకుల్ అనేవారు. చెప్పులు విడిచి వెళ్లాల్సిన ఆ చల్లటి కంప్యూటర్ గదిలో ఒక్కో మీట వెతుక్కుంటూ నొక్కేవాడిని. మొదటి పరీక్ష తప్పాను. తర్వాత ఒక ప్రోగ్రాం మూడు వారాలపాటు నన్ను తిప్పలు పెట్టింది. తప్పుందని మెషీను చెప్పదు, జవాబు మాత్రం తప్పు వస్తుంది. ఒక శనివారం ట్రంకుపెట్టె సర్దుకుని బాన్సువాడ బస్సెక్కాను. ఇంటికి వెళ్లే ధైర్యం లేక నేరుగా ప్రెస్సుకు వెళ్లాను.

అక్క నా చోట నిలబడి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే, ఒక్కొక్క అక్షరమే ఏరుతోంది. సోమవారం నుంచి పనిలోకి వస్తానన్నాను. ఆమె ట్రంకుపెట్టె వైపు చూసింది. "ఏమైంది?" అంది. జేబులోంచి ప్రోగ్రాం అచ్చుకాగితం తీసి, సంగతి చెప్పాను. "ఏదీ, ఆ కాయిదం చూపియ్యి."

ఆమెకు ఇంగ్లీషు అర్థం కాదు. కాని బిల్లు పుస్తకాల ప్రూఫుల్లో అక్షరాలు, అంకెలు పోల్చిపోల్చి ఆరితేరిన కన్ను. కాగితాన్ని చివరి వరుస నుంచి పైకి, వేలు పెట్టుకుంటూ చూసింది. సగం దాటాక వేలు ఆగింది. "గీ సున్నా గుండ్రంగున్నది, కడమయి కోలగున్నయి. రెండూ ఒక్కటేనా?"

కాగితం మీదికి వంగి చూశాను. అది సున్నా కాదు, ఇంగ్లీషు 'ఓ' అక్షరం. ప్రెస్సులో సున్నాలు చాలనప్పుడు ఆ అక్షరంతోనే సరిపెట్టేవాళ్లం. ఆరేళ్ల అలవాటు నా వేలితో దాన్నే నొక్కించింది. మెషీను దాన్ని అంకెగా కాక, ఇంకేదో విలువకు పెట్టిన పేరనుకుని లెక్క చేసుకుంటూ పోయింది.

సంతోషంతో ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆమె మాత్రం కాగితం మడిచి చేతికిచ్చి మళ్లీ పనిలో పడింది. "సోమవారం నువ్వు నాకు అక్కర్లేదు. గీ పని నేనే నేర్చుకుంటున్న. నీకు చేతగాదని తేలిననాడు రా, పెట్టుకుంట. భయమై వస్తే మాత్రం రానియ్య." పద్మకు ఆ రోజు కనబడకుండానే మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లిపోయాను. ఈ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

చదువు పూర్తయింది. మార్కులు గొప్పగా రాలేదు గాని హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. పద్మ, పిల్లలు వచ్చేశారు. అశాంతి మాత్రం నన్ను వదల్లేదు. రెండేళ్లకొకసారి ఉన్న ఉద్యోగం ఇరుకనిపించేది. అప్పుడల్లా అక్కకు కార్డు రాసేవాడిని. ప్రతిసారీ జవాబుగా ఒకే ప్రశ్న వచ్చేది: "కష్టమైందని పోతున్నవా, ఆ పని నీకు చాలలేదని పోతున్నవా?" ఆమె పోయిన కబురు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి ఇంకో రాజీనామా రాసి జేబులో పెట్టుకుని ఉన్నాను. ఈసారి అడిగేవాళ్లు లేరు. నేనే ఒక కార్డు తీసి, ఆ ప్రశ్న రాసుకుని, కింద జవాబు రాయడానికి కూర్చున్నాను. అబద్ధం రాయబుద్ధి కాలేదు. కష్టమైందనే రాశాను. ఆ ఉద్యోగంలో మరో తొమ్మిదేళ్లు ఉన్నాను.